ఒక రోజు వెనక నడిచే ఊరు

దేశమంతా గురువారం చూసి కళ్ళు తుడుచుకున్న కథకి ఆష్ క్రీక్ ఊరు శుక్రవారం ఏడ్చేది. ఇదేం చోద్యం అంటారా? మోంటానా తూర్పు కొసన ఉన్న ఆ ఊళ్ళో ఎవరికీ అది చోద్యంగా తోచలేదు. ఒక రోజు ఆలస్యంగా ఏడిస్తే కొంప మునిగేదేం ఉంది?

దీనికంతటికీ మూలం దూడల ధరలు. ఆరో చానెల్ పెట్టినవాడు హాలిస్ క్రాండల్, ట్రాక్టర్లు అమ్ముకునే మనిషి. పక్క గదిలో టీవీ పెట్టెలు కూడా తెచ్చిపెట్టాడు గానీ ఒక్కటీ కదల్లేదు. బొమ్మే రాని పెట్టె ఎవడు కొంటాడు? హాలిస్‌కి పంతం వచ్చింది. ఊరి వెనక గుట్ట మీద టవరు నిలబెట్టి, దాని కింద రేకుల షెడ్డు వేసి, న్యూయార్కులోని నెట్‌వర్కుతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. మొదట్లో నెట్‌వర్కు కార్యక్రమాలు ఫిల్ము డబ్బాల్లో బస్సెక్కి వచ్చేవి. ఓ ఏడు మంచులో బస్సు చిక్కుకుపోయి క్రిస్మస్ పాటలు జనవరిలో వినబడ్డాయి. ఊరు కిక్కురుమనకుండా విన్నది. తర్వాత్తర్వాత గుట్ట నుంచి గుట్టకి టవర్లు పడి బొమ్మ నేరుగా రావడం మొదలైంది. అయినా నెట్‌వర్కు మధ్యాహ్నం పన్నెండింటికి పంపే ‘ఫెయిర్‌హోమ్ ఇల్లు’ సీరియల్‌ని హాలిస్ ఆ వేళకి మాత్రం వేయనివ్వలేదు. పన్నెండు కొట్టిందంటే సంతలో ఏ దూడ ఎంత పలికిందో చెప్పాలి. ఏటా నెట్‌వర్కు నుంచి ఇస్త్రీ మడత నలగని పెద్దమనిషి ఒకడు దిగి, ఇది పద్ధతి కాదని చెప్పి చూసేవాడు.

“అయ్యా, మీ కథలో పిల్ల ఎవణ్ణి చేసుకుంటుందో రేపు తెలిసినా మావాళ్ళు బతికే ఉంటారు. దూడ ధర ఇవాళే తెలియాలి” అని హాలిస్ కాఫీ పోసి పంపేసేవాడు.

అందుకని ఇంజినీరు వర్న్ బ్యాబ్‌కాక్ పన్నెండింటికి సీరియల్‌ని టేపు మీద పట్టి ఉంచి, మర్నాడు రెండింటికి ఊరికి వదిలేవాడు. ఈ ఏర్పాటుకి తగిన మర్యాదలు కూడా ఊరు ఏర్పరుచుకుంది. బిల్లింగ్స్ పట్నం వెళ్ళొచ్చినవాళ్ళు అక్కడ ముందే చూసేసి ఉంటారు గనక నోరు కట్టుకుని తిరగాలి. ఒకసారి పాస్టరు గారి భార్య నోట్లో నువ్వుగింజ నానక, కథలో ఎవరో పోయారని చర్చి మెట్ల మీదే చెప్పేసింది. ఆ వేసవంతా చర్చి విందుల్లో ఆవిడ తెచ్చిన కేకుని ఎవరూ ముట్టుకోలేదు.

రేపటి కథ ఇవాళే తెలిసీ పెదవి విప్పని మనిషి ఆ ఊళ్ళో ఒక్కతే ఉండేది. ఆమె పేరు ఆర్డిస్ టోలెఫ్సన్.

ఆరో చానెల్ స్టేషను గుమ్మం పక్కన ఫోన్ల బల్ల ఆర్డిస్‌ది. స్టేషను పెట్టిన ఏడే చేరింది. ఇప్పుడు యాభై దాటింది, పెళ్ళి కాలేదు, తల్లి పోయాక ఇనుప సామాన్ల కొట్టు మీది గదిలో ఒక్కతే ఉంటోంది. మధ్యాహ్నం రొట్టె డబ్బా పట్టుకుని వర్న్ గదిలోకి వెళ్ళి, టేపు ఎక్కుతుండగా తెర చూస్తూ తినేది. ఏడవాల్సిన చోట ఒక్కతే ఏడ్చేది. వర్న్ చెవులకి గొట్టాలు తగిలించుకుని మీటర్ల సూదుల వంక చూస్తూ ఉండేవాడు, అతనికి కథ పట్టేది కాదు. మర్నాడు ఊరు ఏడ్చే వేళకి ఆర్డిస్ కళ్ళు పొడిగా ఉండేవి. పదిమందితో కలిసి ఏడ్చే భాగ్యం కూడా లేకపోయింది చూడండి ఆవిడకి.

గాలికి యాంటెన్నా తిరిగిపోయో, కరెంటు పోయో, ఆవు ఈనుతోందనో కథ చూడలేకపోయిన ఆడవాళ్ళు రెండున్నర దాటాక ఆరో చానెల్‌కి ఫోన్ చేసేవాళ్ళు. ప్రసారమైపోయిన భాగం చెప్పడానికి అడ్డేం లేదు. ఆర్డిస్ బాగా చెప్పేది. ఎవరి గొంతు వాళ్ళకి పెట్టి, కన్నీళ్ళ దగ్గర ఆగి, మరీ చెప్పేది. కొట్టులో సబ్బు అడిగినా ఆ గొంతు గుర్తుపట్టి జనం వెనక్కి తిరిగేవాళ్ళు. “ఓహో, ఆరో చానెల్ నువ్వేనా!” అని నవ్వి, మళ్ళీ వాళ్ళ వాళ్ళ మాటల్లో పడిపోయేవాళ్ళు. ఆ గొంతుకి ఊరంతా చుట్టాలే, మనిషికి మాత్రం ఒక్కరూ లేరు.

ఒక్కరూ అంటే తప్పు. ఒటీలియా రైనర్ ఉంది.

ఒటీలియా ఊరికి ఉత్తరాన, ఎటు చూసినా గడ్డీ కంచే తప్ప ఇల్లు కనబడని చోట, పశువుల్ని పెట్టుకుని ఒక పాలేరుతో బతుకుతున్న ముసలావిడ. మొగుడు పోయి చాలా కాలమైంది. ఆ గాలిలో ఆవిడ యాంటెన్నా నిలబడింది లేదు. గాలి వీచిన రోజల్లా ఫోన్ చేసేది. పోగాపోగా గాలి వంకైపోయింది. ఆకు కదలని రోజు కూడా “ఇవాళ ఒకటే గాలి పిల్లా” అనేది. స్టేషను ముందు జెండా వడిలి వేలాడుతూ కనబడుతున్నా ఆర్డిస్ “అవునండీ, భలే గాలి” అనేది. కథ చెప్పుకోవడం ఎంతసేపు? తర్వాత మాట ఎటెటో పోయేది. ఒటీలియా పాలేరుని తిట్టేది, ఆర్డిస్ బూట్లలోకి మంచు దూరుతోందని చెప్పేది. ఇన్నేళ్ళలో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. శనాదివారాలు సీరియల్ ఉండదు, ఫోనూ ఉండదు. ఆ రెండు రోజులూ ఆర్డిస్‌కి గది గోడలు మీద పడుతున్నట్టుండేది.

అలాంటి ఒక మాఘమాసపు చలిలో, గురువారం నాడు, ఒటీలియా ఫోన్ చేసి గాలి మాట ఎత్తలేదు.

“పిల్లా, నేనిక్కడే ఉన్నానే. మీ ఊళ్ళోనే.”

“ఎక్కడండీ?”

“ఆస్పత్రిలో. కడుపులో గడ్డ ఏదో పెరిగిందట. రేపు పొద్దున కోస్తారట. బిల్లింగ్స్ నుంచి డాక్టరొస్తున్నాడు.”

ఆర్డిస్ రిసీవరు చెవికి అదుముకుంది. “ఇన్నాళ్ళూ నాతో ఒక్క ముక్కైనా అనలేదేమండీ?”

“అంటే నువ్వు జాలి పడుతూ కథ చెప్తావు. అది నాకు పడదు.”

“ఇప్పుడే వస్తానుండండి. నాలుగడుగులేస్తే ఆస్పత్రే కదా.”

“వచ్చావంటే కాళ్ళిరగ్గొడతా. వెనక తాళ్ళు కట్టే గౌనొకటి తగిలించారు నాకు. ఇన్నేళ్ళకి మొదటిసారి ఈ అవతారంలో కనబడతానా నీకు? లేచి తిరిగాక నేనే వస్తా.”

“డాక్టర్లు ఏమంటున్నారు?”

“నవ్వుతున్నారే. నర్సు నవ్వుతోంది, పాస్టరు నవ్వుతున్నాడు. తడిసిన గడ్డి అమ్మేవాడు అచ్చం ఇలాగే నవ్వుతాడు. సరే, వాళ్ళ సంగతొదిలెయ్. జూలియన్ గాడి సంగతి చెప్పు.”

జూలియన్ అంటే ఆ కథలో కోరా మొగుడు. ఓడ మునిగి పోయాడనుకున్నవాడు. కోరా మాత్రం నమ్మలేదు, ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. ఆ గురువారం రెండింటికి ఊరు చూసిన భాగంలో జూలియన్ గడ్డం పెరిగి, సంచీ భుజాన వేసుకుని ఆమె గుమ్మం ముందుకొచ్చాడు. తలుపు తట్టబోతూ చెయ్యెత్తాడు. అక్కడ ఆపేశారు, పాపిష్టివాళ్ళు.

“ఇవాళ్టిది మీరు చూసే ఉంటారుగా” అంది ఆర్డిస్. “ఆస్పత్రిలో టీవీ ఉందిగా.”

“చూశాను. రేపటిది అడుగుతున్నా. తడతాడా తట్టడా?”

ఇన్నేళ్ళలో ఒక్కనాడూ ఒటీలియా అడగని మాట అది. రేపటి కథ బయటికి చెప్పనని చేరిన రోజే హాలిస్ ఆర్డిస్ చేత ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టు సంగతి ఒటీలియాకీ తెలుసు.

“పిల్లా, రేపు రెండింటికి చూసే రాత నాకుందో లేదో. చెప్పవే.”

ఆ మధ్యాహ్నం పన్నెండింటికే వర్న్ గదిలో ఆర్డిస్ చూసింది. జూలియన్ ఎత్తిన చెయ్యి దించేశాడు. కిటికీలోంచి లోపల దీపం వంక కాసేపు చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆమె రొట్టెని తిరిగి డబ్బాలో పెట్టేసింది. ఆ మాట ఇప్పుడు ఈ మనిషికి ఎలా చెప్పడం? కత్తి కిందికి వెళ్ళబోయే మనిషికి?

“తట్టాడండీ” అంది.

“నిజంగా?”

“తట్టాడు. కోరా వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి తీసింది. పిండి చేతులతోనే వాటేసుకుంది. అతని కోటంతా పిండి.”

 ఒటీలియా గొంతు సన్నగా వచ్చింది. “పిండి చేతులతోనా? మంచిదే. చాలా మంచి మాట చెప్పావు పిల్లా” అంది. ఆర్డిస్ ఫోన్ పెట్టేసి బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. అబద్ధమాడినందుకు కాదు, రేపటి నుంచి ఆ గొంతు వినబడదని.

శుక్రవారం తెల్లారేసరికి కళ్ళు తెరవనివ్వని మంచుగాలి. ఆస్పత్రికి ఫోన్ చేసి కనుక్కోవడానికి ఆర్డిస్‌కి ధైర్యం చాల్లేదు. రిసీవరు ఎత్తడం, పెట్టేయడం. పన్నెండింటికి అలవాటు కొద్దీ వర్న్ గదిలో కూర్చుంది. సోమవారం ఊరు చూడబోయే భాగం అది. వీధి మలుపు దాకా వెళ్ళిన జూలియన్ ఆగాడు. వెనక్కి తిరిగాడు. వచ్చి తలుపు తట్టాడు! కోరా తలుపు తీసి అతని గడ్డం పట్టుకుని చూస్తూ నిలబడింది. ఆర్డిస్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నిన్న తానాడిన అబద్ధం ఒక్క రోజు ముందుగా చెప్పిన నిజమే కదా అని ప్రాణం కుదుటపడింది.

ఆ కుదురు ఎంతసేపు? రెండున్నరకి ఫోన్ వచ్చిందని బల్ల మీద దీపం వెలిగింది.

“ఆరో చానెల్ అండీ.”

“తట్టలేదు.”

ఆర్డిస్ లేచి నిలబడిపోయింది. “ఒటీలియా గారూ! మీరు... మరి ఆపరేషను?”

“డాక్టరు మంచులో చిక్కుకుపోయాడు. సోమవారం పొద్దున అన్నారు. నేనిక్కడ పక్క మంచాల ముగ్గురికీ చాటింపు వేశాను, మా పిల్ల కళ్ళారా చూసింది, తడతాడు అని. రాత్రి నా పుడ్డింగు కూడా పందెం కాశాను. వాడేమో మెట్లు దిగి చక్కాపోయాడు.”

“మీరు సంతోషంగా వెళ్తారని...”

“ఆగవే. పుడ్డింగు పోయిందని కాదు నా ఏడుపు. నువ్వు తెలివితక్కువదానివి కావు. ఇవాళ రెండింటికి బయటపడిపోయే అబద్ధం నిన్న ఎందుకాడతావు? రెండింటికి నేనుండననుకుంటేనే ఆడతావు.”

ఆర్డిస్ మళ్ళీ కుర్చీలో కూలబడింది. ఆవిడన్నది నిజమే కదా.

“నర్సు నవ్వింది, సరేలే అనుకున్నా. పాస్టరు నవ్వాడు, అది ఆయన ఉద్యోగం అనుకున్నా. నువ్వొక్కదానివి నాకు ఉన్నదున్నట్టు చెప్తావనుకున్నాను.” ఒటీలియా ఊపిరి తీసుకుంది. “సరే, అయిందేదో అయింది. సోమవారానిది ఇవాళ చూశావు కదా? ఇప్పుడు నిజం చెప్పు. ఏమవుతుంది?”

అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది ఆర్డిస్ పని. నిన్న ఆడిన అబద్ధమూ ఇవాళ చెప్పాల్సిన నిజమూ ఒకే మాట.

“మళ్ళీ వస్తాడండీ. మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. తట్టాడు. ఆవిడ తీసింది. ఒట్టండీ, ఇది నిజం.”

అవతల ఒటీలియా నవ్వింది. ఆ నవ్వులో ఏమీ లేదు.

“అంటే మళ్ళీ చంపేశావన్నమాట నన్ను” అని ఫోన్ పెట్టేసింది.

శనివారం ఆర్డిస్ మోకాళ్ళ లోతు మంచులో పడి ఆస్పత్రికి వెళ్ళింది. నర్సు లోపలికి వెళ్ళి వచ్చి, “నిద్రపోతున్నానని చెప్పమంది” అంది. అలా చెప్పడం ఆ నర్సుకి కూడా బాగా లేదు. ఆర్డిస్ తిరిగొచ్చి గదిలో మంచం మీద కోటు విప్పకుండానే కూర్చుంది. కింద కొట్టులో ఎవరో మేకులు తూయించుకుంటున్నారు. ఆ మనిషి నిజంగానే పోతే, పోయేముందు చివరగా నమ్మేది ఏమిటి? ఆర్డిస్ తనని ముందే పాతిపెట్టేసిందని. ఈ ఆలోచన ఆమెని తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. ఇక మాటతో లాభం లేదు. ఎన్ని ఒట్లు పెట్టినా లాభం లేదు. ఆవిడ కళ్ళతో చూడాలి, అదీ సోమవారం పొద్దుటి లోపల చూడాలి.

ఆదివారం మధ్యాహ్నం స్టేషనులో వర్న్ ఒక్కడే ఉంటాడు. చర్చి ప్రార్థన అయ్యాక రెండింటికి ఊరివాళ్ళ పోల్కా డాన్సు ఫిల్ము వేస్తాడు. అది ప్రతివారం వచ్చేదే, అకార్డియన్ వాయించే ఆయన పొట్టతో సహా ఊరికి కంఠతా వచ్చు. ఆర్డిస్ వెళ్ళి అతని ఎదురుగా నిలబడింది.

“వర్న్, రెండింటికి పోల్కా వద్దు. సోమవారం టేపు వెయ్యి.”

వర్న్ గొట్టాలు తీసి ఆమెని ఎగాదిగా చూశాడు. “తలకేమైనా తగిలిందా? సబ్బు కంపెనీవాళ్ళు డబ్బు కట్టింది సోమవారానికి. హాలిస్ మనిద్దరి తోలూ తీసి షెడ్డు గోడకి కొడతాడు.”

“తెలుసు.”

“నెట్‌వర్కుకి తెలిస్తే?”

“అదీ తెలుసు. ఆస్పత్రిలో ఒకావిడ చూడాలి. రేపటికి ఆవిడ... నేనావిడకి అబద్ధం చెప్పాను వర్న్. ఇప్పుడు నిజం చెప్తే నమ్మటంలేదు.”

ఏళ్ళ తరబడి పక్కన కూర్చుని రొట్టె తిన్న మనిషి ఒక్కనాడూ ఏమీ అడగలేదు. వర్న్ మెడ గోక్కున్నాడు, గడియారం చూశాడు, మళ్ళీ మెడ గోక్కున్నాడు.

“ఆ టేపు మిషనుకి ఎక్కించే ఉంది, రేపటికని” అన్నాడు చివరికి. “పచ్చ బొత్తాం నొక్కితే తిరుగుతుంది, తిరగ్గానే ఎడమవైపు మీట పైకెత్తాలి. ఇది నీకు చెప్పడంలేదు, నాలో నేను అనుకుంటున్నా. నాకు కాఫీ తాగాలనుంది. నేను బయటికెళ్ళినప్పుడు ఈ గదిలో ఏం జరుగుతుందో నాకెలా తెలుస్తుంది?”

ఆర్డిస్ ముందుగా ఆస్పత్రికి ఫోన్ చేసి, రెండింటికి ఆ వార్డులో ఆరో చానెల్ పెట్టమంది. “పోల్కానా? రోగులన్న జాలి కూడా లేదా అమ్మా?” అంది నర్సు. పెట్టమని బతిమాలుకుంది. రెండు కొట్టగానే బొత్తాం నొక్కి మీట ఎత్తింది. ఫెయిర్‌హోమ్ పాట మొదలైంది.

ఆష్ క్రీక్ పుట్టినప్పటి నుంచీ రేపటిది ఇవాళ చూసింది లేదు. ఊరు నెత్తిన పిడుగు పడ్డట్టు అదిరిపడింది. ఫోన్ల బల్ల మీద దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. ఒకావిడ, “ఇవాళ సోమవారమా? మరి మేం చర్చికెందుకు వెళ్ళాం?” అని నిలదీసింది. ఒక ముసలాయన తాను ఆదివారమంతా నిద్రపోయి మాత్ర మింగడం మర్చిపోయానా అని భయపడ్డాడు. ఆర్డిస్ అందరికీ “ఇవాళ ఆదివారమేనండీ, మాదే పొరపాటు” అని చెబుతూ, ప్రతి దీపంలోనూ ఒకే గొంతు కోసం వెతికింది. మధ్యలో హాలిస్ గొంతు కూడా వచ్చింది. “ఎవడే అక్కడ, ఏం చేస్తున్నాడే?” అని అరిచాడు. “నేనేనండీ, నేనే చేశాను. రేపు తిట్టండి” అని ఆ తీగ పీకేసింది. అంత తెగువ తనకెక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు.

జూలియన్ తలుపు తట్టాడు. కోరా తీసింది. పాట వచ్చి అయిపోయింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, ఆ గొంతు మాత్రం లేదు. నర్సు పెట్టలేదేమో. పెట్టినా గోడవైపు తిరిగి పడుకుందేమో. ఆర్డిస్ ఇక ఆశ వదులుకుంటున్నప్పుడు ఎత్తిన ఫోన్లో ఎవరూ పలకలేదు. ఊపిరి మాత్రం వినబడింది.

“ఒటీలియా గారూ?”

“చేతులకి పిండి లేదు.”

“లేదండీ. అది నా పైత్యం.”

“పిండి ఉంటేనే బాగుండేది.” అంది ఒటీలియా. “నీ ఉద్యోగం ఊడుతుందేమోనే.”

“ఊడితే ఊడనివ్వండి.”

“ఇప్పుడొకటి అడుగుతా. నసక్కుండా చెప్పు. మొన్న నేను పోతాననే అనుకున్నావా?”

ఆర్డిస్ కళ్ళు మూసుకుంది. “అవునండీ. అనుకున్నాను. నాకు చచ్చేంత భయమేసింది.”

“నేనూ అదే అనుకుంటున్నానే. మూడు వారాలుగా అదే అనుకుంటున్నా. ఎవరితోనైనా అందామంటే అందరూ నవ్వుతారు. ఆ నవ్వుల మధ్య ఒక్కదాన్నే భయపడుతూ పడుకోవడం ఎలా ఉంటుందో తెలుసా?” ఒటీలియా గొంతు మొదటిసారి పగిలింది. “ఇంక గౌనూ లేదు, గాడిదగుడ్డూ లేదు. వచ్చెయ్ పిల్లా.”

బల్ల మీద దీపాలు వెలుగుతుండగానే ఆర్డిస్ కోటు తగిలించుకుంది. ఊరంతా మోగుతోంది. మోగనిచ్చింది.

వార్డులో కిటికీ పక్క మంచం మీద, ఊహించిన దాంట్లో సగం కూడా లేని చిన్న మనిషి పడుకుని ఉంది. ఆర్డిస్‌ని చూసి కళ్ళు చిట్లించింది.

“ఎవరమ్మా?”

“నేనేనండీ.”

“ఓసి నీ! ఇంత పొడుగేమిటే? నీ గొంతు పొట్టిగా ఉంటుంది కదే!”

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు వేరు. ఆర్డిస్ కుర్చీ లాక్కుని ఆ చెయ్యి పట్టుకుంది. కంచె తీగ లాగిలాగి కాయలు కాసిన చెయ్యి, చల్లగా ఉంది. మాట్లాడుకున్నారు. పోతే పశువుల్ని ఎవరికివ్వాలో, పాలేరు ఎంత దొంగవెధవో, వాడికే ఎందుకివ్వాలో ఒటీలియా చెప్పింది. భయం వేసినప్పుడల్లా “ఇప్పుడేస్తోందే” అని చెప్పేది, ఆర్డిస్ “నాకూనండీ” అనేది. పొమ్మనాల్సిన వేళ దాటినా నర్సు చూసీ చూడనట్టు పోయింది. తెల్లారి మంచం తోసుకుపోతుంటే తలుపు దాకా ఆర్డిస్ ఆ చెయ్యి వదల్లేదు.

బిల్లింగ్స్ డాక్టరు చేతులు కడుక్కుని వరండాలోకి వచ్చినప్పుడు నవ్వలేదు. గడ్డ చాలా దూరం పాకిందనీ, గుండె తట్టుకోలేకపోయిందనీ చెప్పాడు. ఆర్డిస్ తలూపింది. ఆయన చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఒంటిగంట వేళ వర్న్ టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు. “హాలిస్ నిన్నింక గడప తొక్కొద్దన్నాడు. నేను చెప్పి చూశాను, ఆర్డిస్” అన్నాడు. అతనికి ఏడుపొచ్చేలా ఉంటే ఆర్డిసే సముదాయించి పంపింది.

ఒటీలియా బట్టలూ కళ్ళజోడూ తీసుకోవడానికి వార్డులోకి వెళ్ళేసరికి రెండైంది. దుప్పట్లు అప్పుడే మార్చేశారు. మిగతా మూడు మంచాల ఆడవాళ్ళూ టీవీ చూస్తున్నారు. హాలిస్ నిన్న ఏమీ జరగనట్టు అదే భాగాన్ని మళ్ళీ వేయించాడు. జూలియన్ మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, తలుపు తట్టాడు. ఆర్డిస్ మడతపెట్టిన బట్టలు ఒళ్ళో పెట్టుకుని ఆ కుర్చీలోనే కూర్చుని, ఊరితో పాటు చూసింది. ఏడుపు వచ్చింది. పక్క మంచాలవాళ్ళు కూడా ఏడుస్తున్నారు, వాళ్ళది కోరా కోసం.

అయిపోయాక, పుడ్డింగు గెలుచుకున్న ముసలావిడ ముక్కు తుడుచుకుని ఇటు తిరిగింది.

“అమ్మాయ్, నువ్వేనటగా ఆరో చానెల్ దానివి. ఆ పోయినావిడ నీ గురించి ఒకటే చెప్పేది. రేపేమవుతుందో మాకు చెప్పవూ? ఎవరికీ అనంలే.”

“నాకు తెలీదండీ. ఇవాళ పన్నెండింటికి నేను చూడలేదు.”

ఆవిడ నమ్మలేదు. “చెప్పకూడదని ఒట్టు కాబోలు” అని పక్కావిడతో గుసగుసలాడింది. ఆర్డిస్ నచ్చజెప్పలేదు. కళ్ళజోడు బట్టల మధ్య జాగ్రత్తగా పెట్టి, లేచి, కోటు వేసుకుంది.